కానుక కవర్లు, క్యూఆర్ స్టాండు: కడపలో సంఘాలు కొనేముందు చూసుకోవలసినవి

చర్చిలో కానుక డబ్బు పెట్టి ఇచ్చే కవర్లు కడపలో రెండు రకాలుగా దొరుకుతాయి. క్రైస్తవ పుస్తకాల షాపులో కట్టలుగా అమ్మేవి ఒకటి, పెళ్లి పత్రికలు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్సులో మనం చెప్పి వేయించుకునేవి ఇంకొకటి. ఈమధ్య వీటికి తోడు క్యూఆర్ స్టాండు, డబ్బు అందగానే ఎంతో పైకి చెప్పే సౌండ్ బాక్సు కూడా మందిరాల్లోకి వచ్చాయి. కమిటీలో వీటి గురించి మాట వస్తే ముందు ధరే అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఇది ఇచ్చేవాళ్ల మనసును దేవుని వైపు తిప్పుతుందా, పక్కవాళ్ల చూపు వైపు తిప్పుతుందా?

రెడీమేడ్ కవరు తెల్లగా, పలచగా ఉంటుంది. లోపలి నోటు రంగు బయటికి తెలిసిపోతుంది. పది నోటుది చాక్లెట్ రంగు, వందది లేత ఊదా, ఐదు వందలది బూడిద రంగు. కానుక సంచి పట్టుకుని వరుస వెంట వచ్చే మనిషికి ఆ మాత్రం చాలు. అందుకే పది రూపాయలు తెచ్చిన ముసలమ్మ కవరును నాలుగు మడతలు పెట్టి, పిడికిట్లో దాచి, చెయ్యి సంచి అడుగుదాకా దించి వదులుతుంది. సంఘం ఆమెకు ఆ సిగ్గు కలిగించకూడదు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఖాకీ కాగితం చెప్పండి, రంగు కనబడదు. కొలత 4 అంగుళాలు × 3 అంగుళాలు సరిపోతుంది; ఐదు వందల నోటు 150 × 66 మిల్లీమీటర్లు, ఒక్క మడతతో 75 × 66 అయి దిగుతుంది. మూతకు గమ్ వద్దు. వానాకాలంలో కట్టలో ఉండగానే అతుక్కుపోతాయి. మూత లోపలికి దోపే రకం మేలు. స్టాప్లర్ పిన్ను కొట్టొద్దని అందరికీ చెప్పండి, తీసేటప్పుడు నోటు చిరుగుతుంది.

ఇక కవరు మీద ఏం అచ్చు వేస్తారన్నది అసలు విషయం. షాపు కవర్ల మీద పేరు, మొత్తం, రెండూ పైనే ఉంటాయి. వేయించుకునేటప్పుడు పేరు తీసేసి కుటుంబం నంబరు పెట్టించండి. మొత్తం రాసే గీత మూత లోపలి వైపుకు పోవాలి. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు ట్రెజరర్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండకూడదు.

వాక్యం కూడా ఆలోచించి ఎంచుకోవాలి. దశమభాగం (రాబడిలో పదోవంతు) కవరు అనగానే బైబిల్లోని మలాకీ 3:10 వేస్తారు. ఆకాశపు వాకిళ్లు విప్పుతానన్న మాట అందులో ఉంది కాబట్టి, అదొక్కటే చదివినవాళ్లకు కానుక పెట్టుబడిలాగా, ఇంత వేస్తే ఇంత వస్తుందన్న లెక్కలాగా కనిపిస్తుంది. అదే వాక్యంలో ‘నా మందిరములో ఆహారముండునట్లు’ అని కూడా ఉంది. ద్వితీయోపదేశకాండము 14:28-29లో మూడో ఏటి పదోవంతు లేవీయులకు (మందిర సేవ చేసే గోత్రంవాళ్లకు), పరదేశులకు, తండ్రిలేనివాళ్లకు, విధవరాండ్రకు అని స్పష్టంగా చెప్పారు. మలాకీ వేస్తే దాని పక్కన ఈ వాక్యం కూడా వేయండి. సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమనే 2 కొరింథీ 9:7 అయితే ఇంకా మంచిది. వెనక వైపు ఖాళీ ఉంటే రెండు ప్రశ్నలు వేయించవచ్చు: కూలివాళ్లకు బాకీ ఏమైనా ఉందా? అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది ఇచ్చామా? యాకోబు 5:4, మార్కు 7:11 ఆ ప్రశ్నలకు ఆధారం.

లెక్క దగ్గర చాలామంది పొరబడుతున్నారు. కానుక గుప్తంగా ఇవ్వమని ప్రభువు చెప్పారు కదా అని లెక్కనూ గుప్తంగా ఉంచుతారు. గుప్తంగా ఉండాల్సింది ఇచ్చినవాళ్ల పేరు. వచ్చిన మొత్తం అందరికీ తెలియాలి. సంఘాలు పోగుచేసిన చందా తీసుకువెళ్లేటప్పుడు అపొస్తలుడైన పౌలు ఒంటరిగా పోకుండా సంఘాలు నియమించిన సహోదరులను వెంట ఉంచుకున్నది తన మీద నింద రాకూడదనే (2 కొరింథీ 8:19-21). కాబట్టి బంధువులు కాని ఇద్దరు కలిసి కవర్లు విప్పి, లోపల ఉన్నంతే రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. మూత మీద రాసిందీ లోపలిదీ కలవకపోతే కవరు పడేయకుండా అలాగే దాచాలి. ప్రకటనల్లో ‘ఈ వారం మొత్తం ఇంత’ అని చదవండి. ‘ఫలానా వారు అయిదు వేలు’ అని చదవడం మొదలుపెడితే చిన్న కవర్లు రావడం తగ్గిపోతుంది.

అందరికీ తెలిసేలా ఇవ్వడమే పాపమని కాదు. బర్నబా పొలం అమ్మి డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన సంగతి అందరికీ తెలుసు. అననీయ కూడా పొలం అమ్మి, కొంత దాచుకుని, మిగతాది అక్కడే పెట్టాడు. కొంత దాచుకున్నందుకు పేతురు తప్పుపట్టలేదు, అమ్మకముందు పొలమూ అమ్మాక డబ్బూ నీ సొంతమే కదా అన్నాడు. అంతా ఇచ్చినట్టు కనబడాలనుకోవడమే అననీయ తప్పు. కోత పండుగకు కానుకగా వచ్చినవాటి వేలంలో కోడిపుంజును, శనగల బస్తాను పంతంతో పాడేవాళ్లకు వేలం మొదలయ్యేముందు అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం చదివి వినిపించడం మంచిది.

సౌండ్ బాక్సు మందిరానికి వద్దు. కొట్టులో అది కావాలి, బేరంలో ఉన్నవాళ్లు ప్రతిసారీ ఫోను చూసుకోలేరు. ఆరాధన మధ్యలో ‘వెయ్యి రూపాయలు అందాయి’ అని అది తెలుగులో పలికితే తలలు అటు తిరుగుతాయి. ఆ తరవాత పది పంపబోయినవాళ్లు ఫోను జేబులో పెట్టేస్తారు. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని మత్తయి 6:2లో ప్రభువు చెప్పింది ఇలాంటిదాని గురించే. యెరూషలేము దేవాలయంలో గుప్తంగా ఇచ్చేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉండేదని, మంచి కుటుంబాల్లోని పేదలు అందులోంచే గుప్తంగా తీసుకునేవారని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో ఉంది.

క్యూఆర్ స్టాండు మాత్రం పనికొస్తుంది, మూడు జాగ్రత్తలతో. ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకాలతో ఉండాలి. అయ్యగారి (పాస్టరు) సొంత ఖాతా క్యూఆర్ పెట్టొద్దు. స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటించి డబ్బు మళ్లించే మోసం ఉంది కాబట్టి, ప్రతి ఆదివారం ముందుగా ఒక రూపాయి పంపి, ఫోనులో సంఘం పేరే వస్తోందా చూడాలి. మూడోది, స్క్రీన్‌షాట్లు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకండి, ట్రెజరర్‌కు మాత్రమే పంపమనండి. యూపీఐలో పంపినవాళ్ల పేరు ఖాతా చూసేవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. నోరు కట్టుకోలేని మనిషిని ట్రెజరర్‌గా పెడితే ఖాకీ కవరు కూడా గుట్టు కాపాడలేదు.

కొన్ని కవర్ల సెట్లలో, ఎవరు ఏ పని చేస్తారో పేరు రాసుకునే సేవ చీటీ కూడా వస్తుంది. అందులో పాటల బృందం, మైకు ముందే నిండుతాయి. ప్రేమ విందు తరవాత గిన్నెలు తోమడం, మరుగుదొడ్డి కడగడం దగ్గర ఒక్క పేరూ ఉండదు. ఇష్టమున్న పని రాసుకోమనే చీటీ కొనకండి. వరుస చార్టు వేసి, పెద్దల పేర్లు మొదటి నెలలో గిన్నెల దగ్గర రాయండి. ఆసుపత్రిలో భోజనం పంచేటప్పుడు దాతల పేర్ల బ్యానరు, రోగులతో ఫొటోలు పూర్తిగా మానేయాలి.

ప్రెస్సులో వెయ్యి కవర్లు ఆర్డరివ్వండి. అరవై కుటుంబాలకు నెలకొకటి చొప్పున ఏడాదికి 720 అవుతాయి. వాటికి బిల్లు పుస్తకాలకు వాడే నంబరింగ్ మిషనుతో నంబర్లు కొట్టించి, మిగిలిన 280 నంబరు లేకుండా ఉంచి, కొత్తగా వచ్చేవాళ్ల కోసం గుమ్మం దగ్గర పెట్టండి.