వెల్‌క్రో పంచె బాగుంది, రెడీమేడ్ చీరే బాలేదు

మా తమ్ముడికి వెల్‌క్రో పంచె, నాకు కుచ్చిళ్లు ముందే కుట్టేసిన రెడీమేడ్ చీర ఒకే ఆన్‌లైన్ షాపులో తీసుకున్నాం, పంచె మాత్రం సూపర్ అండి. నడుముకి చుట్టి అంటించేస్తే అయిపోయింది, మామూలు 8 మూరల పంచెలా జారిపోతుందేమోనని మాటిమాటికీ పట్టుకోనక్కర్లేదు, పైగా పక్కన జేబు, ఫోన్ పెట్టినా కిందకి లాగట్లేదు. ఉతికేటప్పుడు వెల్‌క్రో మూసి ఉతకండి, లేకపోతే దారాలన్నీ పీక్కొస్తాయి.

చీర దగ్గరకొచ్చేసరికి బాధేసింది. కుచ్చిళ్లు నీట్‌గా కుట్టారు, క్లాత్ కూడా బానే ఉంది, కానీ నడుము దగ్గర రెండే హుక్కులు, పొడవు అందరికీ ఒకటే, నాకు చీలమండ పైకి వచ్చేసింది, అదే మామూలు 5.5 మీటర్ల చీరైతే ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్లు దోపుకుంటారు కదా, ఇందులో ఆ వీలే లేదు. జేబు కూడా లేదు! మగాళ్లు రోజూ వేసేది ప్యాంటు షర్టే, పంచె ఎప్పుడో ఒకసారి, అయినా వాళ్ల సౌకర్యం గురించి ఇంత ఆలోచించారు, వాళ్లని సంప్రదాయం ఏమైందని ఎవరూ అడగరు కూడా. ఆడవాళ్లు జీన్స్ వేస్తే మాత్రం అడుగుతారు, మరి రోజంతా చీరలోనే పనిచేసేవాళ్లకి ఒక జేబు పెట్టాలని ఎందుకు తట్టదు?

పంచెకి 5 స్టార్లు, చీరకి 2. చీర కొనేవాళ్లు నడుము నుంచి పాదం దాకా పొడవెంతో కనుక్కుని మరీ ఆర్డర్ పెట్టండి.