స్వింగ్ వినాలంటే ఏది మేలు: పాత ప్లేట్లా, టీవీ బ్యాండ్ రికార్డా?

అమెరికా టీవీలో జానీ కార్సన్ రాత్రిపూట కబుర్ల కార్యక్రమం ‘టునైట్ షో’ నడిచిన రోజుల్లో ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవాళ్లకి ఆ షోలో వాయించే డాక్ సెవరిన్‌సెన్ బ్యాండ్ వినిపించింది తక్కువే. ప్రకటనలకు ముందు కొన్ని సెకన్లు, అయిపోయాక మరికొన్ని సెకన్లు, అంతే. ఆ మధ్యలో బ్యాండ్ ఆగేది కాదు. స్టూడియోలో కూర్చున్న జనానికి పాట మొత్తం వాయించేది, ఇంట్లోవాళ్లు అప్పుడు సబ్బుల గురించో కార్ల గురించో వింటూ ఉండేవారు. దేశంలోని మంచి వాద్యగాళ్లను ఒకచోట చేర్చి, వాళ్ల మీద ప్రకటనలు కప్పేశారన్నమాట.

1986లో ఆ బ్యాండ్ పాత స్వింగ్ పాటలతో, అంటే పెద్ద బ్యాండ్లు డ్యాన్స్ కోసం వాయించిన జాజ్ పాటలతో, ఒక ఆల్బమ్ చేసింది. మరుసటి ఏడాది దానికి బిగ్ బ్యాండ్ జాజ్ విభాగంలో గ్రామీ వచ్చింది. అందులోని పాటలు చాలావరకు 1930లలో, 40లలో వేరే బ్యాండ్లు గ్రామఫోన్ ప్లేట్ల మీద ఇచ్చినవే. ఆ ప్లేట్లూ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. మరి స్వింగ్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలి?

ముందు పాత ప్లేట్ల సంగతి. పది అంగుళాల లక్క ప్లేటుకి ఒక పక్క మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. పాట ఎంత పెద్దదైనా అందులోనే ఇమడాలి. ‘బిగిన్ ద బిగీన్’ చూడండి. ఆ రోజుల్లో మామూలు పాట 32 బార్లుంటే (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది), కోల్ పోర్టర్ రాసిన ఈ పాట 108 బార్లు. 1938 జులైలో క్లారినెట్ వాద్యగాడు ఆర్టీ షా తన బ్యాండ్‌తో దాన్ని ప్లేటులో ఇమిడ్చాడు. కంపెనీవాళ్లకి పెద్ద ఆశ లేక దాన్ని ప్లేటు రెండో పక్కన వేశారు. షా పేరు దేశమంతా మోగింది ఆ రెండో పక్కతోనే. వింటే ఎక్కడా తొందర కనిపించదు, క్లారినెట్ తాపీగా నడుస్తుంది. టేపు లేని కాలం కనుక అతుకులు వేసే వీలు లేదు. ఎవరో ఒకరు తప్పితే అందరూ మొదటినుంచి వాయించాల్సిందే. ఆ జాగ్రత్త, ఆ బిగువు వినేవాడికి తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. బాస్ సరిగా వినపడదు, డ్రమ్స్ పక్కగదిలోంచి వచ్చినట్టుంటాయి. నలుగురైదుగురు శాక్సఫోన్ వాళ్లు కలిసి వాయిస్తుంటే ఒక్కటే ముద్దగా తగులుతుంది. ఘంటసాల తొలినాటి ప్లేట్ల గరగర వెనకనుంచి గొంతు పట్టుకోవడం అలవాటైన చెవికి ఇది పెద్ద కష్టం కాదు. లేనివాళ్లు మాత్రం రెండో పాటకే ఆపేస్తారు. మా ఇంట్లో ఆపేశారు.

ఇక టీవీ బ్యాండ్. పాత పాటలు మళ్లీ వాయించారు అనగానే టీవీ పాటల పోటీల ఆర్కెస్ట్రా గుర్తొస్తుంది మనకి: శుభ్రంగా, తప్పు లేకుండా, కాస్త చప్పగా. ఇది అలాంటిది కాదు. ట్రంపెట్ వరసలో కూర్చున్న స్నూకీ యంగ్ 1939లోనే జిమ్మీ లన్స్‌ఫర్డ్ బ్యాండ్‌లో ఉన్నాడు, తర్వాత ఏళ్ల తరబడి కౌంట్ బేసీ దగ్గర వాయించాడు. సెవరిన్‌సెన్ కుర్రతనంలో చార్లీ బార్నెట్, టామీ డార్సీ బ్యాండ్లలో పనిచేసి వచ్చినవాడు. అంటే ఇందులో కొందరు ఆ కాలాన్ని చదువుకుని వాయించలేదు, ఆ కాలంలోంచి నడిచొచ్చారు.

దీనికి మించిన సంగతి ఇంకోటుంది. స్వింగ్ రోజుల్లో బ్యాండ్ కుదురుకునేది బస్సుల్లో. రాత్రికో ఊరు, రాత్రికో డ్యాన్స్ హాలు, ఏడాది పొడుగునా అదే మనుషులు. 1940ల చివరికి ఆ బతుకుతెరువు పోయింది, బ్యాండ్లు చెదిరిపోయాయి. పదిహేడు మందిని ఏళ్ల తరబడి కలిపి కూర్చోబెట్టి జీతమిచ్చే స్తోమత ఎవరికుంటుంది? టీవీకి ఉంది. వారంలో నాలుగైదు రాత్రులు పక్కపక్కనే కూర్చుని వాయించినవాళ్ల ఊపిరి ఎలా కలుస్తుందో ఆ ఆల్బమ్‌లో తెలుస్తుంది. డబ్బులిచ్చి ఒక్క వారానికి పిలిపించిన స్టూడియో వాద్యగాళ్లతో అది రాదు.

టీవీ అలవాటు కూడా వాళ్లను వదల్లేదు. కొన్ని సెకన్లలోనే జనాన్ని లేపి కూర్చోబెట్టాలి కనుక అన్నీ గట్టిగా, మెరుపుగా, ట్రంపెట్లు పైస్థాయిలో. పాత బ్యాండ్ల వేగాన్ని నిర్ణయించింది నాట్యమాడేవాళ్ల కాళ్లు. వీళ్ల ముందు కాళ్లు లేవు, గడియారం ఉంది. ఒకటి రెండు పాటలకి హుషారే. ఆల్బమ్ మొత్తం ఒక్క ఊపున వింటే నా చెవులు అలిసిపోతాయి.

మూడో దారి కూడా ఉంది. 1956 నుంచి పాత బ్యాండ్ నాయకుడు గ్లెన్ గ్రే క్యాపిటల్ కంపెనీకి చేసిన రికార్డుల్లో హాలీవుడ్ వాద్యగాళ్లు పాత హిట్లను ఉన్నదున్నట్టు మళ్లీ వాయించారు. 1970ల మొదట్లో టైమ్-లైఫ్ కంపెనీ కోసం బిల్లీ మే అదే పని చేశాడు. అప్పట్లో కొత్త హైఫై సెట్లు కొన్నవాళ్లకి అవి బాగా పనికొచ్చాయి. నాకు మాత్రం పాత ఫొటోకి రంగులద్దినట్టుంటాయి. ఎదుటివాడు అప్పటికప్పుడు కల్పించి ఒక్కడే వాయించిన సోలోని కాగితం మీద రాసుకుని వాయిస్తే మిగిలేదేమిటి?

సోలో అంటే ‘ఫ్లయింగ్ హోమ్’ చెప్పాలి. 1942లో లయనెల్ హ్యాంప్టన్ ప్లేటులో 19 ఏళ్ల ఇల్లినాయ్ జాకే టెనర్ శాక్సఫోన్ మీద చేసిన కల్పన ఆ పాటలో భాగమైపోయింది. తర్వాత ఎవరు వాయించినా దాని నీడలోనే నిలబడాలి. టీవీ బ్యాండ్ దీన్ని బాగానే వాయించింది. అయినా నా ఓటు ప్లేటుకే.

‘కింగ్ పోర్టర్ స్టాంప్’ దగ్గర మాత్రం తకరారు. జెల్లీ రోల్ మార్టన్ పియానో కోసం కట్టిన దాన్ని ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండ్‌కి మలిచాడు, 1935లో బెన్నీ గుడ్‌మన్ ప్లేటు చేశాడు. అందులో బన్నీ బెరిగన్ ట్రంపెట్‌కి సాటి లేదు, ఒప్పుకుంటాను. చివర్లో ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒకవైపు, శాక్సఫోన్లు ఒకవైపు చేసే సవాల్-జవాబు ఉందే, అది స్టీరియోలో, అంటే రెండు చెవులకీ వేరువేరుగా ధ్వని వచ్చేలా, వింటేనే ఎవరు ఎవరికి బదులిస్తున్నారో విడివిడిగా పట్టుబడుతుంది. ఇక్కడ 1986దే పైచేయి.

బేసీ విషయంలో చర్చే లేదు. ‘వన్ ఓక్లాక్ జంప్’ 1937 ప్లేటే వినండి. వాల్టర్ పేజ్ బాస్, జో జోన్స్ డ్రమ్స్, విన్నామో లేదో తెలియనంత మెల్లగా ఫ్రెడీ గ్రీన్ గిటార్. గట్టిగా వాయించే ఏ బ్యాండ్‌కీ ఆ తేలికతనం చిక్కదు.

కనుక అసలు ఎప్పుడూ వినని వాళ్లయితే టీవీ బ్యాండ్‌తో మొదలుపెట్టండి. శాక్సఫోన్లు ఏవో, ట్రాంబోన్లు ఏవో చెవికి పట్టుబడ్డాక అవే పాటలు ప్లేట్లలో వెతకండి. మొదట ముద్దగా తోచింది అప్పుడు విడిపోయి వినిపిస్తుంది. ఒక్కటే ఉంచుకోమంటే నేను ప్లేట్లు ఉంచుకుంటాను.

ప్లేట్లకి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త. 1960లలో మోనో (రెండు చెవులకీ ఒకే ధ్వని) రికార్డులను యంత్రాలతో దొంగ స్టీరియోగా మార్చి చాలా అమ్మారు, వాటిలో క్లారినెట్ నూతిలోంచి పలికినట్టుంటుంది. గరగర పూర్తిగా తుడిచేసినవీ వద్దు, దానితోపాటు డ్రమ్స్ దగ్గరి కంచు తాళాల మెరుపూ పోతుంది. కాస్త గరగర మిగిలిన మోనో తీసుకోండి.