అనాటమీ ఆన్‌లైన్ పాఠాలు: మూడేళ్ళు వాడాక నా మాట

నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీలో అనాటమీ ట్యూటర్‌ని. డిసెక్షన్ (శవాన్ని కోసి లోపలి భాగాలు చూపించడం) వీడియోలు, వాటితో వచ్చే త్రీడీ బొమ్మ సొంత డబ్బు కట్టి వాడుతున్నాను. అందులో నాకు ప్రాణం ఒక్కటే, తీసేసిన కండరాన్ని మళ్ళీ దాని చోట పెట్టొచ్చు. డిసెక్షన్ హాల్లో పెక్టోరాలిస్ మేజర్‌ని, అంటే ఛాతీ మీది పెద్ద కండరాన్ని, ఒకసారి కోసి మడిచాక, అది మొదట ఎలా ఉండేదో వెనక వరసలో నిలబడ్డ ఇరవయ్యో పిల్లాడికి ఏం చూపిస్తాం? పొద్దున కావలిలో రైలెక్కి, బిట్రగుంట దాటి సిగ్నల్ పోయినా, డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ వస్తాను.

పోయినేడాది చంక భాగం చేస్తున్నాం. పిల్లలంతా రాత్రే పాఠం చూసి వచ్చారు. అందులో మస్క్యులోక్యుటేనియస్ నర్వ్ (మోచేతిని వంచే కండరాలకి వెళ్ళే నరం) పచ్చగా మెరుస్తూ, పై చేతిలోని కొరాకోబ్రాకియాలిస్ కండరంలోంచి దూసుకుపోతుంది. మార్కాపురం అమ్మాయి ఒకామె ముప్పావుగంట వెతికింది, దొరకలేదు. "మేడమ్, నేనే కోసేశాను" అని ఏడ్చేసింది. శవం పాడవకుండా వాడే ఫార్మలిన్‌కి అందరి కళ్ళూ నీళ్ళు కారుతుంటాయి కదా, పక్కనున్నవాళ్ళకి ఆమె ఏడుస్తోందని కూడా తెలియలేదు. ఫోర్సెప్స్ తీసుకుని చంకలోని ఆక్సిలరీ ఆర్టరీ (పెద్ద రక్తనాళం) చుట్టూ నర్వ్‌లు కట్టే ఎమ్ ఆకారాన్ని మెల్లగా శుభ్రం చేశాను. ఎమ్‌కి బయటి కాలు, అంటే మేం వెతుకుతున్న ఆ నర్వే, లేదు! మోచేతిని వంచే బైసెప్స్‌కీ బ్రాకియాలిస్‌కీ కొమ్మలు పక్కనున్న మీడియన్ నర్వ్ నుంచే వెళ్తున్నాయి. టేబుల్ మీదున్న ఆ పెద్దాయన చేతిలో ఆ నర్వ్ విడిగా ఏర్పడనే లేదు. పుస్తకాల్లో ఉన్న తేడానే, నేను కళ్ళారా చూడటం మాత్రం అదే మొదలు. ఆ అమ్మాయి వేలు పట్టుకుని ఒక్కో కొమ్మా తాకించాను.

"ముందు పాఠం చూసి రండి" అని గట్టిగా చెప్పేదాన్ని, ఇప్పుడు చెప్పడం లేదు. ముందు టేబుల్, రాత్రికి పాఠం. బొమ్మలో కొవ్వు ఉండదు, ఫేసియా (కండరాలని చుట్టి ఉండే పొర) ఉండదు, మాకేమో సగం టైము వాటిని తీయడానికే పోతుంది. అక్కడ ఆర్టరీ ఎరుపు, వెయిన్ నీలం, ఇక్కడ అన్నీ ఒకటే మట్టిరంగు. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే నర్వ్ తాడులా గట్టిగా తగులుతుంది, వెయిన్ చప్పగా అణిగిపోతుంది. అది ఏ స్క్రీనూ నేర్పలేదు.

అయినా ఈ ఏడూ రెన్యూ చేశాను. ఒక బాడీకి ఇరవై మంది, పైగా రోజూ రైలు ప్రయాణం, నాకు పనికొచ్చింది. బాడీకి ఐదారుగురే ఉండే చోటైతే ఇంత డబ్బు పెట్టేదాన్ని కాదేమో.