నేపుల్స్‌లో బస బాధ పెట్టింది, పేట ఆదుకుంది

ఇటలీలోని నేపుల్స్‌కు పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారు, బస ఖాయం చేసుకునే ముందు లిఫ్టు నడుస్తోందో లేదో అడిగి, ఆ జవాబును రాతలో తెప్పించుకుని తీరాలి. మేము 16వ శతాబ్దంలో స్పెయిన్ సైనికుల కోసం ఏర్పడిన క్వార్తియేరి స్పాన్యోలి పేటలో, రాత్రికి 95 యూరోల చొప్పున నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు తీసుకున్నాము. లిఫ్టు ఉందన్న మాట నిజమే. అక్కడి పాత భవనాలు కొన్నింటిలో లాగానే నాణెం వేస్తే కదిలే లిఫ్టు అది. ఆ పద్ధతిపై నాకు అభ్యంతరం లేదు. అది చెడిపోయిందని తెలిసి కూడా యజమాని మాకు చెప్పకపోవడం అన్యాయం. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. పైకి చేరాక, బుకింగులో ఎక్కడా లేని 40 యూరోలు ఇల్లు శుభ్రం చేసినందుకని నగదుగా అడిగారు. రసీదు కావాలంటే తాళాలు ఇవ్వబోమన్నారు. చీకటి పడిపోయింది కనుక ఆ డబ్బు ఇచ్చాము. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు, నా భార్య నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఎదుటి బాల్కనీలోని పెద్దావిడ తాడు కట్టిన బుట్టను వీధిలోకి దించి, కింది దుకాణం నుంచి రొట్టె, పాలు పైకి లాగుకోవడం అమ్మ గమనించింది. ఈ బుట్టను అక్కడ పనారో అంటారు. మా పై అంతస్తు వారికీ అలాంటిదే ఉంది. అమ్మ అవస్థ చూసి, మేము ఉన్నన్నాళ్లూ మా టమాటాలు, నీళ్ల సీసాలు వారే తమ బుట్టలో లాగి అందించారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

మాంసం, చేపలు తినని అమ్మకు ఏం పెట్టాలన్న బెంగను మరినారా పిజ్జా తీర్చింది. టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, ఆలివ్ నూనె తప్ప అందులో ఏమీ ఉండవు, చీజ్ కూడా ఉండదు. కట్టెల పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో అంచు పొంగి, అక్కడక్కడ నల్లగా మాడి బయటికి వస్తుంది. మేము ఇచ్చింది 5.50 యూరోలు. "పుల్లట్టంత మెత్తగా ఉందిరా" అంటూ అమ్మ మొత్తం తినేసింది. నేపుల్స్ పిజ్జా తయారీ కళను 2017లో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చడం ఎంతో సబబు.

కాఫీ మాత్రం కౌంటరు దగ్గర నిలబడే తాగండి. మాకు 1.20 యూరోలు పడిన కాఫీకే బల్ల దగ్గర కూర్చుంటే 3.50 తీసుకున్నారు. ముక్కూ మొహం తెలియని పేదవారి కోసం ఇంకో కాఫీకి ముందే డబ్బు కట్టి వెళ్లే 'కాఫె సొస్పేసొ' ఆచారం పుట్టింది ఈ నగరంలోనే. నా భార్య అలా ఒకటి కట్టింది, ఆమె కోపం కూడా అక్కడే తగ్గింది.

అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత నగరం పాంపేకు మా యాత్ర సాఫీగా జరిగింది. నేపుల్స్‌లోని పురావస్తు మ్యూజియానికి మంగళవారం సెలవు. టాక్సీ ఎక్కితే, బండి కదలకముందే నగరపాలక సంస్థ నిర్ణయించిన స్థిర ధర కావాలని డ్రైవరుకు చెప్పండి. చెప్పకపోతే మీటరే తిరుగుతుంది.