ఎక్స్‌పీ-81 కాగితం మోడల్: 1:33లోనా, 1:72లోనా?

పసిఫిక్ యుద్ధంలో బాంబర్లకు తోడుగా దూరాలు వెళ్లాలని అమెరికాలో కాన్వెయిర్ కంపెనీ తయారుచేసిన ఫైటర్ విమానం ఇది. ముక్కులో టర్బోప్రాప్ (ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ ఇంజిన్), వెనక జెట్. టర్బోప్రాప్ వేళకు అందక 1945 ఫిబ్రవరిలో దాని బదులు మెర్లిన్ అనే పిస్టన్ ఇంజిన్‌తో ఎగిరింది. తయారైనవి రెండే. అందుకే దీన్ని చేతులతో కట్టుకోవడం నాకంత ఇష్టం.

రెక్కల పొడవు: 1:33లో (అసలు విమానంలో 33వ వంతు) సుమారు 47 సెం.మీ., 1:72లో 21.

ఖర్చు: చిన్నదానికి కాగితం దాదాపు అయిదో వంతు చాలు.

శ్రమ: పెద్దదానికి ముక్కలెక్కువ, చిన్నదానికి ఓపికెక్కువ.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. సైజు తగ్గినా కాగితం మందం తగ్గదు. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) కాగితాన్ని 1:72 ముక్కుకు చుడితే మడతలు పడతాయి, 120కి దిగాలి. కాక్‌పిట్ వెనక జెట్‌కు గాలి అందించే మూతుల్ని పట్టకారుతోనే అంటించాలి. ఫెవికాల్ చుక్క ఎక్కువైతే ఇంక్‌జెట్ రంగు చెదిరిపోతుంది. 1:33లో రెక్కలు వాలే భయముంది గానీ, లోపల వెదురుపుల్ల పెడితే నిలుస్తాయి.

మొదటిసారి కట్టేవారికి, బీరువా మీద చోటున్నవారికి 1:33 మంచిది. ఇంట్లో అదే కాలపు అమెరికన్ ఫైటర్ మస్టాంగ్ మోడల్ 1:72లో ఉంటే మాత్రం చిన్నదే కట్టండి. పక్కపక్కన పెడితే ఎక్స్‌పీ-81 ఎంత భారీదో కళ్లకు కడుతుంది.