ఆఫీసు చలికి చేతి బ్యాండు: 14 నెలలు కట్టుకున్నాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏ బ్యాండు కొనాలో చెప్పే రివ్యూ కాదు. మా ఆఫీసులో ఏసీ గొడవ ఎప్పటికీ తెగట్లేదని ఒక ప్రయోగం మొదలుపెట్టారు, ఇష్టమున్నవాళ్లు కట్టుకోవచ్చన్నారు, నేను కట్టుకున్నా. బ్యాండు మణికట్టు దగ్గర చర్మం వేడినీ గుండె వేగాన్నీ చూస్తుంది. ఐడీ కార్డు తాడుకి తగిలించే బిళ్ల ఇంకొకటి ఇచ్చారు, అది నా చుట్టూ గాలి ఎంత వేడిగా, ఎంత తేమగా ఉందో కొలుస్తుంది. రోజుకి ఐదారుసార్లు బ్యాండు చేతి మీద బుర్రుమని "చలా, వేడా, పర్లేదా" అని అడుగుతుంది, ఏదో ఒకటి నొక్కాలి.

మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. మా అంతస్తు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క థర్మోస్టాట్ ప్రింటర్ల పక్కన స్తంభానికి ఉంది, పాపం అది తన పక్కనున్న గాలినే కొలుస్తుంది. నా సీటేమో సరిగ్గా ఏసీ వెంట్ కింద. అక్కడ 24 చూపిస్తున్నప్పుడు నా మెడలో బిళ్ల 21.5 చూపిస్తోంది. "అందరికీ లేని చలి నీకే ఎందుకు, రక్తం తక్కువేమో టెస్ట్ చేయించుకో" అని రెండేళ్లుగా సలహాలిచ్చినవాళ్లందరికీ ఆ గ్రాఫ్ చూపించా. ఆ ఒక్క రోజు కోసమైనా కట్టుకోవచ్చు.

అసలీ సౌకర్యం లెక్కలకి పునాది డెన్మార్క్ శాస్త్రవేత్త ఫ్యాంగర్ 1970లో ఇచ్చిన పద్ధతి. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ అద్దాల వేడి, గాలి వేగం, తేమ, ఒంటి మీద బట్టలు, ఒళ్లు చేసే పని, ఈ ఆరూ కలిపితే మైనస్ 3 (బాగా చలి) నుంచి ప్లస్ 3 (బాగా వేడి) లోపు ఒక అంకె వస్తుంది. అన్నీ కుదిరి సున్నా వచ్చినా నూటికి ఐదుగురికి నచ్చదని ఆ లెక్కే ఒప్పుకుంటుంది. పైగా ఒళ్లు పుట్టించే వేడికి అందులో వాడుతూ వచ్చిన విలువ 70 కిలోల, 40 ఏళ్ల మగవాడిదనీ, అది ఆడవాళ్ల అసలు విలువ కంటే 35 శాతం దాకా ఎక్కువగా ఉండొచ్చనీ 2015లో ఒక పరిశోధన తేల్చింది. ఆ 70 కిలోల మనిషిని నేనైతే కాదు. నా ఒళ్లు నా లెక్కే చెబుతుంది కదా అని బ్యాండు మీద చాలా ఆశ పెట్టుకున్నా.

అదీ పూర్తిగా తీరలేదు. ఒకరోజు మూడు గంటల మీటింగు, నోట్స్ రాసుకుంటుంటే వేళ్లు మొద్దుబారి ఒకే అక్షరం రెండుసార్లు పడుతోంది, గోళ్లు నీలంగా అయ్యాయి, యాప్ తెరిచి చూస్తే పచ్చ చుక్క, "సౌకర్యంగా ఉన్నారు" అని. చలికి స్వెట్టర్ చెయ్యి కిందికి లాక్కున్నా కదా, దాని కింద బ్యాండు వెచ్చగా ఉంది! చలేస్తే ఒళ్లు ముందు వేళ్లకి రక్తం తగ్గించేస్తుంది, అందుకే పరిశోధనల్లో ముంజేతికీ వేలికొసకీ మధ్య తేడా చూస్తారు. మణికట్టు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. స్ట్రాప్ వదులైనా, మెట్లెక్కి వచ్చి కూర్చున్నా పావుగంట దాకా దాని మాట పట్టించుకోనక్కర్లేదు. నేను నొక్కే జవాబులు చూసి నేర్చుకుంటూ, నాకెప్పుడు చలేస్తుందో రెండో నెల చివరికి బాగానే పట్టేసింది, కాలం మారగానే మళ్లీ తికమకపడింది.

ఇంకో బాధ ఆ బుర్రుమనడం. పనిలో ఉన్నప్పుడు దాని నోరు మూయించడానికి "పర్లేదు" నొక్కేసేదాన్ని, వణుకుతూ కూడా. అందరూ అదే చేశారు. అలాంటి జవాబులతో అది ఏం నేర్చుకుంటుంది? నాలుగు రోజులకోసారి ఛార్జింగ్, చెమటకి స్ట్రాప్ కింద దురద సరేసరి, గుడ్డ స్ట్రాప్ వేశాక దురద తగ్గింది. పన్నెండు మందితో మొదలై ఇప్పుడు ఐదుగురం మిగిలాం.

అన్నిటికంటే పెద్ద లోపం బ్యాండుది కాదు. ఐదు నెలలు మా ఒళ్లు కొలుస్తూనే ఉన్నారు, అంతస్తంతా ఒకే ఏసీ లైను కాబట్టి నాకు చలని తెలిసినా ఎవరూ ఏమీ చేయలేకపోయారు. చివరికి ఆ గ్రాఫ్ చూసి మెకానిక్ నిచ్చెన వేసుకొచ్చి వెంట్ రెక్కలు పక్కకి తిప్పాడు, పది నిమిషాల పని, నా చలి సగం అక్కడే పోయింది. ఆ తర్వాత వేడి పడనివాళ్లకి బల్ల మీద చిన్న ఫ్యాన్లు, నాలాంటి వాళ్లకి కాళ్ల కింద వెచ్చటి ప్యాడ్ ఇచ్చి బ్యాండుకి కలిపారు, అంతస్తుకి 26 పెట్టారు. గొడవలు నిజంగానే తగ్గాయి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పోట్లాడాం. మొదట్లో మా గుండె వేగం పేర్లతో సహా పైవాళ్ల స్క్రీన్ మీద కనిపించేది. నేను ఏ మీటింగులో టెన్షన్ పడ్డానో మా మేనేజర్‌కి ఎందుకు? ఇప్పుడు పేర్లు తీసేసి, సీట్ల వరుసకి కలిపి చూపిస్తున్నారు. మీ దగ్గర పెడితే కట్టుకునే ముందే అడగండి.

ఇప్పుడు రోజూ కట్టుకోవట్లేదు, కాలం మారినప్పుడు రెండు మూడు వారాలు పెట్టుకుని తీసేస్తున్నా. మిగతా రోజుల్లో బ్యాండు డ్రాయర్‌లో ఉంటుంది, ప్యాడ్ స్విచ్చి కాలి బొటనవేలితో నేనే నొక్కుకుంటున్నా.