వాము మొక్కా, వామాకు మొక్కా?

కావలిలో మా డాబా మీద తొట్లలో రెండూ పెంచాం. వాసన ఒకేలా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. కానే కాదు. వాము క్యారెట్, కొత్తిమీర కుటుంబానిది: పోగుల్లాంటి సన్నటి ఆకులు, చిన్న గొడుగులు విప్పినట్టు తెల్లపూలు. వామాకు తులసి, పుదీనా వైపు చుట్టం: దళసరి ఆకు, పైన మెత్తటి నూగు. వాములో ఘాటు థైమాల్ అనే వాసన పదార్థానిది. వామాకులో థైమాల్‌తో పాటు కార్వక్రాల్ అనే అలాంటిదే ఇంకొకటి కూడా ఉంటుంది.

వాము చలికాలపు పంట. గింజ చల్లి నెలల తరబడి ఆగాలి, కాసాక మొక్క ఎండిపోతుంది. మా తొట్టిలో గుప్పెడు కూడా రాలేదు. జంతికల్లోకి కొట్లో కొన్నదే! పూలు మాత్రం భలే ముద్దొచ్చాయి.

వామాకుకి కొమ్మ గుచ్చితే చాలు. మే ఎండల్లో కాస్త నీడకి జరపాలి. అసలు టెన్షన్ నవంబరు వానలే. తొట్టిలో నీళ్లు నిలిచి ఒకసారి వేరు కుళ్లిపోయింది. పక్కింటి అక్క ఇచ్చిన కొమ్మతో మళ్లీ మొదలుపెట్టాం.

ఒక్క తొట్టికే చోటుంటే నేను వామాకే పెడతాను. జంతికల పిండిలోకి అది పనికిరాదు గానీ, వాన సాయంత్రం బజ్జీలకి పదాకులు తెంపుకోవచ్చు.